మూడోసారి నేల తగిలిందా

మా సముద్రపొడ్డు ఊరు ఎక్వాబోలో పురపాలక సంఘం పెట్టి పాతికేళ్లయిందని మొన్న ఉత్సవం చేశారు. బ్యాండు మేళం, రంగు కాగితాలు, బడిపిల్లల చేత పాటలు. హాల్లో గోడకి అధ్యక్షుల పేర్ల పలక వేలాడుతోంది. అందులో మొదటి పేరు ఎజిర్. ఓ కుర్ర కౌన్సిలరు మైకు పట్టుకుని, మన ఊళ్లో ప్రజల పాలన శాంతియుతంగా మొదలైందని చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. శాంతియుతంగానట! అప్పటికి వాడికి పాలపళ్లు కూడా రాలేదు. నేను అక్కడే ఉన్నాను, నాకు తెలుసు.

నా పేరు క్వెకూ ఎషున్. టాండో రాజుగారికి నేను ఓక్యామేని, అంటే ఆయన నోరుని. మా దగ్గర రాజు జనంతో నేరుగా మాట్లాడడు, జనం రాజుతో నేరుగా మాట్లాడరు. ఆయన నా చెవిలో అన్నదాన్ని నేను బంగారు పూత కర్ర పట్టుకుని నిలబడి పైకి చెప్పాలి. ఆయన "ఈ వెధవల్ని పొమ్మనవయ్యా" అంటే, నేను "మీ మాట రాజుగారు మనసులో పెట్టుకున్నారు, సుఖంగా ఇళ్లకి వెళ్లండి" అనేవాణ్ణి. ఊరికి సగం శాంతి నా అబద్ధాల వల్లే ఉండేది.

అప్పట్లో పాలన అంటే రాజూ, రెండు దళాలూ. తెల్లవాళ్ల కోట వైపు వీధులది ఒకటో దళం. ఉప్పుమడుల వైపు వీధులది రెండోది. దారులు బాగుచేసేదీ, మంటలార్పేదీ, మునిగిపోయే పడవల్ని లాగేదీ ఈ దళాల మగాళ్లే. రాజుని కూర్చోబెట్టేదీ వాళ్లే, దించేదీ వాళ్లే. దించడానికి పద్ధతి ఉంది. రాజు చెప్పులు ఊడదీస్తారు. ఆయన్ని ఎత్తి, పిరుదులు నేలకి మూడుసార్లు తగిలిస్తారు. మూడోది తగిలాక ఆయన రాజు కాదు. అంతవరకూ మాత్రం ఆయన మీద ఎవడూ కత్తి ఎత్తకూడదు. రాజు నెత్తురు నేల మీద పడిన ఊరికి సముద్రం చేపనివ్వదు. ఈ మాట మా పిల్లలు ఉగ్గుపాలతో వింటారు.

ఇంకో సంగతి చెప్పాలి. మాలో రాజు తర్వాత రాజయ్యేది ఆయన అక్కచెల్లెళ్ల కొడుకు. సొంత కొడుక్కి రాజపీటతో సంబంధమే లేదు. కొడుక్కి తండ్రి నుంచి వచ్చేది ఆయన దళం ఒక్కటే. అలా టాండో కొడుకు కొబినా ఒకటో దళంలో పెరిగి దానికి నాయకుడయ్యాడు. రెండో దళానికి ఎజిర్ నాయకుడు. అంటే టాండోని దించగలిగిన ఇద్దరిలో ఒకడు ఆయన కన్నకొడుకే.

ఆ ఏడు తెల్ల కమిషనరు వచ్చి, ఊరికి సంఘం పెడదాం, ఇంటిపన్ను వేద్దాం, కొళాయిలూ మురుగుకాలవలూ వస్తాయి అన్నాడు. రాజుగారు ఒప్పుకున్నారు. లంచం తిన్నాడని ఊరంతా ఆడిపోసుకుంది. లంచం కాదు, పాడు కాదు. బావినీళ్లు తాగి విరేచనాలు పట్టుకుని ఆయన ఇద్దరు కూతుళ్లు ఒకే వారంలో పోయారు. ఆ మాట జనానికి చెబుతానంటే నన్ను ఆపారు. "నా పిల్లల చావు చూపించి పన్ను వసూలు చెయ్యనా? నోరు ముయ్యి" అన్నారు. మూసుకున్నాను.

పన్ను మాట చాటిన రోజు చేపలు కాల్చే ఆడవాళ్లు నన్ను బజార్లో చుట్టుముట్టారు.

"మా తాత కట్టిన కొంపలో మేముంటే తెల్లోడికి అద్దె కట్టాలంటయ్యా? ఏం, వాడు మాకేమన్నా మేనమామా?"

"ఏవయ్యా ఎషున్, మా ఆయన గురకకి కూడా పన్నుందా? ఉంటే చెప్పు, వాణ్ణి బయట పడుకోబెడతా."

నవ్వారు. ఆ నవ్వులోనే చేపల కత్తులు పైకి లేచాయి. నేను నా కర్ర పట్టుకుని పరుగులాంటి నడకతో ఇల్లు చేరాను.

మంగళవారం మాకు సముద్రం సెలవు. ఆ రోజు వల వేస్తే నీళ్లతల్లికి కోపం. అందుకని మంగళవారం ఊళ్లో మగాళ్లందరూ ఒడ్డునే ఉంటారు, మధ్యాహ్నానికి సగంమంది కల్లులో ఉంటారు. ఇళ్లకి నెంబర్లు వెయ్యడానికి కమిషనరు ఆ మంగళవారాన్నే ఎంచుకున్నాడు. వద్దు బాబూ అన్నాను. "అందరూ ఇళ్లలో దొరుకుతారు కదా, పని సులువు" అన్నాడు ఆ తెలివిమంతుడు.

గుమాస్తా సున్నం డబ్బా పట్టుకుని తలుపు తలుపుకీ నెంబరు వేస్తూ పోయి, రెండో దళం జెండాగుడి తలుపు మీద కూడా వేశాడు. అది వాళ్ల డప్పులూ, చచ్చినవాళ్ల ఆత్మలూ ఉండే చోటు. వాణ్ణి అక్కడే పడేసి, మోకాళ్లతో తొక్కిపెట్టి, ఆ సున్నం వాడి నోట్లోనే పోశారు. పోలీసులు కాల్చారు. ఎజిర్ తమ్ముడికి గొంతులో తగిలింది. పాపం వాడు గొడవలో లేనే లేడు, గోడవార కూర్చుని తింటున్నాడు. చేతిలో సగం తిన్న మొక్కజొన్న కెంకీ ముద్దతో అలాగే పక్కకి ఒరిగిపోయాడు. పోలీసులు కోటలోకి పారిపోయి తలుపులు వేసుకున్నారు. కోట తలుపులు విరగవు. జనం రాజుగారింటి వైపు తిరిగారు.

కొబినా వాళ్లకంటే ముందొచ్చాడు, తనవాళ్లని వెంటేసుకుని. రొప్పుతున్నాడు. వాకిట్లో రాజుగారు పీట మీద కూర్చుని ఉన్నారు. తండ్రి ఎదురుగానే ఉన్నా పద్ధతి ప్రకారం వాడు నాతో మాట్లాడాడు.

"బాబాయ్, ఎజిర్ గాడు తమ్ముడి శవాన్ని చెక్క పలక మీదేసుకుని వస్తన్నాడు. రాజుగారితో చెప్పు, దిగమని. ఇప్పుడే మనమే దించేశామనుకో, ఎజిర్‌కి మిగిలేది ఓ ముసలాడు. ముసలాణ్ణి నరికి వాడేం చేసుకుంటాడు?"

రాజుగారు నా చెవి కోసం చూడలేదు, గట్టిగానే అన్నారు. "వాడితో చెప్పు. రాజుగా ఉన్నంతసేపే నా మీద కత్తి పడదు. మామూలు మనిషిని చేశాడంటే ఆ నిమిషమే పడుద్ది."

"వాడి తమ్ముడు చచ్చాడు బాబాయ్! ఇవాళ వాడికి ఆచారాలు గుర్తుంటాయా? రాజూ లేదు, గీజూ లేదు. కనపడితే నరుకుతాడు."

"ఎజిర్ తాత నా తాత పడవలో తెడ్డేశాడు. వాడికి ఎంత కోపమున్నా ఆ నెత్తురంటే భయముంటది. నన్ను కూర్చోనివ్వమను."

"మొండితనం మానమను!"

"కన్నవాడికి బుద్ధులు చెప్పడం మానమను!"

నా తల అటూ ఇటూ తిరుగుతోంది. ఇద్దరి మాటా నాకు నిజంలాగే వినపడింది, అదే నా ఖర్మ. రెండో దళం డప్పు ఉప్పుమడుల మలుపు దాటింది. తండ్రిని బతికించుకోవడానికి ఇక సమయం లేదని కొబినా అనుకున్నాడు. వాడి మొహం నాకిప్పటికీ కళ్లకి కడుతుంది. వాడికి అప్పుడు రాజు అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు.

"చాలు! దిగు!" అని మొదటిసారి నేరుగా తండ్రితో అన్నాడు.

ఇద్దరు కాపలావాళ్లు అడ్డొచ్చారు. ఒకడి దవడ మీద తెడ్డు పడింది, పళ్లు రాలి గుమ్మంలో చెల్లాచెదురయ్యాయి. రెండోవాడిని గోడకేసి కొట్టారు, వాడు మళ్లీ లేవలేదు. కొబినా వంగి తండ్రి కాలి చెప్పులు లాగుతుంటే ముసలాయన చామరం పిడితో వాడి మొహం పగలగొట్టారు. కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి దిగింది. వాడు తుడుచుకోలేదు. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు, కొబినా మోకాళ్ల కింద చేతులేసి ఎత్తాడు. రాజుగారు వాడి ముంజేయి కొరికారు.

మొదటిసారి నేలకి తగిలించారు. ముసలాయన నడుము కలుక్కుమనడం నాకు వినపడింది.

రెండోసారి తగిలిస్తుండగా ఎజిర్ గుమ్మంలోకి వచ్చాడు. ఎర్ర గుడ్డ కప్పుకున్నాడు, చేతిలో కత్తి ఉంది. వెనక పలక మీంచి తమ్ముడి తల వేలాడుతోంది. అతను రాజుగారిని చూశాడు. చూసి ఆగిపోయాడు. కాళ్లకున్న చెప్పులు విడిచాడు. భుజం మీది గుడ్డని నడుము దాకా జార్చాడు. రాజు ముందు మేమంతా చేసేది అదే. వెనకున్న వాళ్లూ ఒకరి తర్వాత ఒకరు భుజాలు జార్చుకున్నారు. కళ్లు నిప్పులు కక్కుతున్నాయి గానీ కాళ్లు కదలలేదు.

ముసలాయన చెప్పిందే నిజం.

"కొబినా! ఆగరా! వాడి భుజం చూడు! వాడి భుజం చూడరా!" అని గొంతు చించుకున్నాను. డప్పులు నా మాట మింగేశాయి. కొబినా వీపు గుమ్మం వైపు ఉంది. రాజుగారు మాత్రం ఎజిర్‌ని చూశారు. "రెండుతో ఆపరా, నాయనా, ఆపు" అని బతిమాలారు. ఆయన బతిమాలడం నేను ఎప్పుడూ వినలేదు. కొబినా కంటినిండా నెత్తురు, చెవినిండా డప్పులు.

మూడోసారి వాడు తండ్రిని మెల్లగా దించాడు. ముసలాయన నడుముకి మళ్లీ దెబ్బ తగలకూడదని.

డప్పులు ఆగిపోయాయి. కొబినా లేచి వెనక్కి తిరిగాడు. చీలిన మొహంతో నవ్వాడు.

"అయిపోయింది ఎజిర్. ఇక రాజు లేడు. ఇదుగో, మా ముసలోడు. ఇంటికి తీసుకుపోతన్నా. దారివ్వు."

ఎజిర్ గుడ్డని పైకి లాక్కుని భుజం మీద సర్దుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. ఏ తొందరా లేదు.

"రాజు లేడు కదా?" అన్నాడు.

"లేడు."

"సరే."

మొదటి వేటు ముసలాయన మెడకీ భుజానికీ మధ్య పడింది. రెండోదానికి కొబినా చెయ్యి అడ్డం పెట్టాడు, వాడి వేళ్లు రెండు తెగి వాకిట్లో పడ్డాయి. తర్వాత రెండో దళం మంది మీద పడ్డారు, కొబినాతో వచ్చిన కొద్దిమందీ ఆపలేకపోయారు. తెడ్లు, కత్తులు, రోకళ్లు. తండ్రి మీద బోర్లా పడుకున్న కొబినాని కాళ్లు పట్టి ఈడ్చేసి మరీ ముసలాయన్ని కొట్టారు. "రాజురా! రాజుని చంపుతున్నార్రా!" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. ఎవడో వాడి డొక్కలో తన్ని, "రాజెక్కడ్రా? నువ్వే కదా దించింది" అన్నాడు. నేను నా కర్రతో ఒకణ్ణి కొట్టాను. కర్ర విరిగింది. ముసలాయన ప్రాణం పోయాక ఎజిర్ తమ్ముడి పలక దగ్గరికి వెళ్లి కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

అతని మీద కేసు నిలవలేదు. నేను సాక్ష్యం చెప్పాను. దళాలవాళ్ల మాట చెల్లదన్నారు, నా ఒక్కడి మాట చాలదన్నారు. కమిషనరుకి ఉప్పుమడుల వైపు పన్ను వసూలు చెయ్యగల మనిషి కావాలి. ఎజిర్‌ని మించినవాడు ఎవడున్నాడు? సంఘం వచ్చింది, కొళాయిలు వచ్చాయి, నీళ్లు బాగానే ఉన్నాయి. కానీ అదంతా తర్వాతి మాట.

మర్నాడు పొద్దున కొబినా శవపేటిక తెచ్చాడు. తండ్రికి పెట్టె తేవలసింది మాలో కొడుకులే. వాడి చేతికి కట్టిన గుడ్డ నల్లగా గట్టిపడిపోయింది. పెట్టెని రాజులని పాతిపెట్టే తోపు దాకా మోయించాడు. తోపు ముందు రాజకుటుంబం పెద్ద, అబాకా, కర్ర అడ్డం పెట్టాడు. వెనక ఒకటో దళం కత్తులతో నిలబడింది. దారికి అవతల రెండో దళం, వాళ్ల ముందు ఎజిర్. ఆడవాళ్లు కూడా ఏడుపు ఆపేశారు.

"ఇది రాజులు పడుకునే చోటు. ఈయన రాజుగా పోలేదు. నీ చేతుల్తోనే దించావు" అన్నాడు అబాకా.

"దించలేదు పెద్దాయనా." అన్నాడు కొబినా. "మూడోసారి నేల తగల్లేదు. నా అరచెయ్యి కింద పెట్టా. ఇదుగో, ఈ చెయ్యే." ఆ గుడ్డ కట్టిన చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. "అడగండి. ఓక్యామే అక్కడే ఉన్నాడు, ఆయన్నే అడగండి."

అబాకా నా వైపు తిరిగాడు. "క్వెకూ ఎషున్, నువ్వు చెబితే రాజుగారు చెప్పినట్టే. మూడోసారి నేల తగిలిందా?"

తగల్లేదంటే టాండో రాజుగా పోయినట్టే. తన పూర్వీకుల పక్కన పడుకుంటాడు. కానీ అప్పుడు ఎజిర్ రాజుని చంపినవాడు. ఆ మాట నా నోట్లోంచి పడగానే ఈ కత్తులు ఆ కత్తుల మీద పడతాయి, చీకటి పడేలోపు ఉప్పుమడుల వీధుల్లో పసిపిల్లలు కూడా మిగలరు. కొబినా నన్నే చూస్తున్నాడు. ఏ కొడుకూ ఎవరినీ అలా చూడకూడదు.

"తగిలింది" అన్నాను.

ఎజిర్ ఊపిరి వదలడం నాకు వినపడింది. ఒకటో దళంలో ఎవడో నన్ను బూతులు తిట్టాడు. అబాకా కర్ర తియ్యలేదు.

కొబినా బాగున్న చేత్తో పెట్టె మీది దుమ్ము తుడిచాడు. వంగి, దాన్ని తన భుజం మీదికి తీసుకున్నాడు.

"రాజు కాదు కదా," అన్నాడు. "అయితే మా నాన్నే. లేపండ్రా."