మోకాలిచిప్ప మీద తగువు

"చిప్ప వెనకవైపు కొయ్యాల్సిందే, పెల్కీ. ఎంతలా అరిగిపోయిందో చూడు."

"మాకు నేర్పినచోట వదిలేసేవాళ్ళం, మేడమ్. అంచులు సాపు చేసి దాని మానాన దాన్ని ఉంచేసేవాళ్ళం."

నీలంగుడ్డ తెరకి ఇవతల, ఆపరేషన్ బల్లమీద వెల్లకిలా పడుకున్న వైనో సారెల చెవులు రిక్కించాడు. డాక్టర్లిద్దరూ తగువులాడుకుంటున్నది అతని కుడి మోకాలి గురించే. నడుములో పొడిచిన సూదికి కింది సగమంతా మొద్దుబారింది కాని చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. నిద్రమందు వద్దన్నది తనే. థండర్ బే ఊళ్ళో సగం ఇళ్ళకి తివాచీలు పరిచిన మనిషి. "నాకు రిపేరు చేస్తుంటే నేను నిద్రపోవడమేమిటి?" అని పొద్దున గొప్పగా అన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఇప్పుడనిపిస్తోంది.

తల దగ్గర కూర్చున్న నర్సు రోసాన్ అతని నుదుటిమీది చెమట తుడిచింది. "ఏం పెద్దాయనా, కంగారా?"

"ఏం చెయ్యాలో వాళ్ళకే తెలీదా ఏమిటి?"

"తెలుసు. ఇద్దరికీ బాగా తెలుసు. గొడవంతా అదే."

కీలు మొత్తం కొత్తది పడుతోంది. ముందున్న చిప్ప సంగతే తేలాలి. దాని వెనకభాగం పలచగా కోసి ప్లాస్టిక్ బిళ్ళ అతికించాలా, పుట్టుకతో వచ్చిన ఎముకనే ఉంచాలా? తెరిచి చూశాక చెప్తానని పెద్ద డాక్టరు టాగర్ట్ ముందే అంది. బిళ్ళ వేస్తే మెట్లెక్కేటప్పుడు నొప్పి తక్కువ ఉండవచ్చు. కాని చిప్ప పలచబడుతుంది, గట్టిదెబ్బలు తగిలితే పగలవచ్చు. "దెబ్బలు తగిలే పనులేమైనా ఉన్నాయా?" అని అడిగింది కూడా.

"పని మానేశానుగా," అన్నాడు వైనో. పక్కనే భార్య ఐలీ కూర్చుని ఉంది. ఇంకేమంటాడు?

అబద్ధం. ట్రక్కు సీటు కింద కిక్కర్ ఉంది. మూరెడు పొడుగు ఇనప పనిముట్టు. ఒక కొసన పళ్ళు, రెండో కొసన మెత్త. పళ్ళు తివాచీలో దించి, మెత్తని మోకాలితో ఫెడేల్మని గుద్దితే తివాచీ గోడదాకా బిగుస్తుంది. మోకాలిని ఈ గతి పట్టించింది ఆ గుద్దుళ్ళే. దాన్ని మేనల్లుడికి ఇచ్చేశానని ఐలీకి చెప్పాడు. వేసవిలో, మంచుమీద ఆడే కర్లింగ్ ఆటవాళ్ళ క్లబ్బు మేడగదికి తివాచీ తనే పరుస్తానని అక్కడివాళ్ళకి మాటిచ్చాడు. ఆపరేషన్ వంతు కోసం కిటికీ దగ్గర కూర్చుని మంచు చూసిన నెలలన్నీ ఆ గదిని తలుచుకునే నెట్టుకొచ్చాడు. అది కూడా లేకపోతే మళ్ళీ ఆ కిటికీయే.

తెర అవతల ఏదో గరగరలాడింది.

"విన్నావా?" అంది టాగర్ట్. "మడిస్తే చాలు, ఎముక కొలతకి పెట్టిన లోహపు కీలుని గీరుతోంది."

"ఒప్పుకున్నాను మేడమ్," అన్నాడు చిన్న డాక్టరు పెల్కీ. "ఎలాగూ మనిషి పని మానేశాడు. దెబ్బల భయం లేదు."

"రంపం ఇవ్వండి. అది అవగానే అతికించే సిమెంటు కలుపుదురుగాని."

వైనో గబగబా లెక్క వేసుకున్నాడు. ఊరుకుంటే బిళ్ళ పడుతుంది. వేసవిలో మొదటి గుద్దుకో, పదో గుద్దుకో చిప్ప ఫట్మంటుంది. నోరు విప్పితే గుట్టు బయటపడుతుంది. రంపం ఒకసారి జుయ్యిమని ఆగింది. సరిచూసుకుంటున్నారు కాబోలు.

"ఆగండి! మానలేదు!"

"ఏమిటి మానలేదు?"

"పని. వేసవిలో ఒకటి ఒప్పుకున్నాను. కిక్కర్‌తో గుద్దాలి."

తెర పైనుంచి టాగర్ట్ కళ్ళు మాత్రం కనిపించాయి. "మోకాలితోనా? ఈ మోకాలితోనా?"

"రెండోదానికి అలవాటు లేదు."

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి మార్చారు.

"అయితే వదిలేద్దాం మేడమ్," అన్నాడు పెల్కీ.

"వదిలేస్తే మెట్ల దగ్గర ఏడుస్తాడు. బిళ్ళ వేశాక గుద్దితే చిప్ప పగిలి ఏడుస్తాడు."

"ఏడవకుండా ఉండే దారేదీ లేదా డాక్టరమ్మా?"

"గుద్దడం మానండి. ఆ పనికి ఇంకో సాధనమేదీ లేదా?"

వైనోకి తెలుసు. ఉంది. గదంత పొడుగు కడ్డీ. ఒక కొస ఎదురుగోడకి ఆనించి మీట నొక్కితే చాలు, తివాచీ దానంతటదే సాగుతుంది. కుర్రాళ్ళంతా దాంతోనే చేస్తారు. అది మోకాళ్ళు లేనివాళ్ళ పనిముట్టని వాళ్ళని ఏడిపించడం వైనోకి పెద్ద సరదా.

"ఉంది," అన్నాడు, పన్ను పీకించుకుంటున్నట్టు.

"దాంతో అయితే, కోలుకున్నాక చూసుకుని చేసుకోవచ్చు. గుద్దడం మాత్రం ఒక్కసారి కూడా కుదరదు. మోకాలు మీది, మాట మీది. త్వరగా చెప్పండి."

వైనో కళ్ళు మూసుకున్నాడు. మేడగది కళ్ళముందు కదిలింది. కడ్డీ పట్టుకుని తను నిలబడినట్టు, కుర్రాళ్ళు గుమ్మంలో గుంపుగా చేరి పళ్ళికిలించినట్టు.

"వేసెయ్యండి బిళ్ళ."

రంపం లేచింది. నొప్పి లేదు కాని ఆ అదురు తుంటిదాకా పాకి, అక్కణ్ణుంచి పళ్ళలోకి ఎక్కింది. వెనక్కి తీసుకోలేని పని అయిపోయింది.

"ఇక కదలకండి. సిమెంటు గట్టిపడాలి," అంది టాగర్ట్.

జిగురు ఆరేదాకా తొక్కకండని ఎన్ని ఇళ్ళలో ఎంతమందిని కసిరాడో! ఇప్పుడు కాలివేళ్ళు ఆడించాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అవి మాట వినడం లేదు.

"రోసాన్, బయట మా ఆవిడుంది. ట్రక్కు తాళాలు తన దగ్గరే ఉన్నాయి. సీటు కింద కిక్కర్ ఉందనీ, తీసి ఎవరికైనా ఇచ్చెయ్యమనీ ఇప్పుడే కబురు చెయ్యి."

"కాసేపట్లో మీరే కలుస్తారుగా పెద్దాయనా. మీరే చెప్పుకోండి."

"వద్దు, ఇప్పుడే. కాళ్ళు లేచాయంటే మళ్ళీ దాచేస్తాను."