పసుపు కర్ర

రస్తి ఆ పందిని ఎన్నడూ చేత్తో తాకలేదు. తమ మతంలో పందిని తాకకూడదు కదా. అందుకే పొడవాటి వెదురు కర్ర చివర పాతగుడ్డ చుట్టి, పసుపూ కొబ్బరినూనే కలిపిన ముద్దలో ముంచి, బోను సందుల్లోంచి గాయాలకు పూసేది. గాయాలంటే కుక్కలు పెట్టినవే. ఆమె మొగుడు విర్యా నెలనెలా ఈ అడవిపందిని ఇంటి వెనక దడి కట్టిన బరిలోకి దింపుతాడు. వేటగాళ్లు తమ కుక్కలకు దాని మీద పట్టు నేర్పిస్తారు. చస్తే ఇంకోదాన్ని పట్టి తేవాలి, అదో తలనొప్పి. బతికితే రస్తి పసుపు ఉండనే ఉంది. ఎంత చక్కటి ఏర్పాటో!

మొదట్లో అది కర్రను కొరికేది. మందు మండుతుంది మరి. పోనుపోను, మంట తగ్గాక హాయిగా ఉంటుందని దానికీ తెలిసొచ్చింది. కర్ర ఒంటికి తగిలితే చాలు, పక్కకు తిరిగి, కళ్లు మూసుకుని, కదలకుండా నిలబడేది. అప్పుడు రస్తికి దాని మీద ప్రేమ పుట్టేది. ఎవరితోనూ అనలేదు. కర్రపెండలం తోటల్ని పందులు కుళ్లగించి పోయే ఊళ్లో ఆ మాట అంటే నవ్విపోరూ?

ఆ ఆదివారం బరిలో పంది ఒక మూలకు చేరి కదల్లేదు. విర్యా ముచ్చటపడి పెంచుకుంటున్న కుర్రకుక్క జాలుకు అదే మొదటి పాఠం. చుట్టూ చేరినవాళ్లు గోల మొదలుపెట్టారు.

"ఏం విర్యా, పందిని తెచ్చావా, మీ అత్తగారిని తెచ్చావా? పిలిచినా లేవదేం?"

వేటగాళ్లకు పెద్ద అయిన సర్పిన్ ముసలాయన విసుక్కున్నాడు. "ఇది ఇక పనికిరాదయ్యా. కుక్కలన్నిట్నీ ఒక్కసారే వదిలెయ్. పీడా పోతుంది."

విర్యా మొహం మాడిపోయింది. గబగబా రస్తి దగ్గరికొచ్చి పెళ్లాన్ని ముద్దుగా పిలిచాడు. "నేంగ్, నీ కర్ర తీసుకురా. నువ్వు చాపితే వస్తుంది. నేను చూడలేదనుకున్నావా?"

"నా వల్ల కాదు కాంగ్," అని మొగుణ్ణి బతిమాలింది.

"కాదంటే అన్నిట్నీ వదుల్తారు, ముక్కలు కూడా మిగలవు. వస్తే ఒక్క జాలే. ఆపైన నీ ఇష్టం."

ఇష్టమట! రస్తి కర్ర తెచ్చి దడి సందులోంచి లోపలికి చాపింది. పంది తలెత్తి చూసింది. మూల వదిలి, జనం మధ్యలోంచి ఇంటికి పోతున్నట్టు నింపాదిగా నడిచి వచ్చింది. కర్రకు ఒళ్లు ఆనించి, కళ్లు మూసుకుంది.

జాలును వదిలారు. అది ఉరికి డొక్క పట్టుకుంది. పంది ఒళ్లు జలదరించింది, కాలు మాత్రం కదపలేదు. మందే అనుకుంది. కాసేపు మండి చల్లబడుతుందని ఓర్చుకుంది.

"పట్టాడ్రా! మగాడంటే వీడూ!" ఈలలు, చప్పట్లు. విర్యా జాలును లాక్కుని, చంకనెత్తుకుని అందరికీ చూపించాడు. రస్తి ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కర్ర పట్టుకున్న చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. జనం వెళ్లాక విర్యా అన్నం పెట్టమంటే పెట్టింది, చాలంటే ఆపింది.

"పసుపు నూరు నేంగ్," అన్నాడు విర్యా, చెయ్యి కడుక్కుంటూ. "ఇక నుంచి నువ్వూ రావాలి. నీ చేతిలో ఏదో మంత్రం ఉంది."

ఆమె పసుపు నూరలేదు. కర్రకున్న గుడ్డ విప్పి పారేసి బోను దగ్గరికి వెళ్లింది. ఇది తనను చూసి భయపడాలి, లేదా మీద పడాలి. లేకపోతే ప్రతి నెలా ఇలాగే వచ్చి నిలబడుతుంది.

గాయం లేని చోటు చూసి బలంగా కొట్టింది. "పో! నా దగ్గరికి రాకు!"

అది కదల్లేదు. మళ్లీ కొట్టింది. ఆమెకు మందు పూసే చోటు దొరకడం లేదనుకుందో ఏమో, పంది మెల్లగా పక్కకు తిరిగి, గాయమైన డొక్కను ఆమె వైపు పెట్టి నిలబడింది.