మాట్లాడకూడని గంట

ముప్ఫయ్యేళ్ళు బస్సులో గొంతు చించుకున్న కండక్టరుని నోరు మూసుకుని కూర్చోమంటే అంతకంటే శిక్ష ఉంటుందా? అయినా సరేనన్నాడు. ఊపిరితిత్తిలో నిమ్మకాయంత కణితి. క్యాన్సరు అక్కడే ఆగి ఉంటే కోసి తీసేస్తారు. ఇంకెక్కడైనా దాక్కుని ఉంటే ఆపరేషను మాటే లేదు. ఆ దాక్కున్నదాన్ని పట్టుకోవడానికే ఈ స్కాను.

"గంటసేపు కదలొద్దు, మాట్లాడొద్దు బాబాయ్. ఏ కండ పనిచేస్తే అది కూడా క్యాన్సరులాగే ఈ మందుని లాగేసుకుని తెరమీద మెరుస్తుంది," అని సూది పొడిచిన టెక్నీషియనమ్మాయి తలుపేసి వెళ్ళిపోయింది. రేడియేషనున్న ఆ మందు ఒంట్లో ఉండగా పక్కన ఎవరూ ఉండకూడదట.

మాట్లాడ్డానికి నాకెవరున్నారు గనక అని ఆయన నవ్వుకున్నాడు.

మూడోరోజు డాక్టరు తెరమీద గొంతు దగ్గర మెరుస్తున్న మచ్చ చూపించాడు.

"అక్కడికీ పాకిందా సార్?"

"పాకి ఉండొచ్చు. లేదా ఆ గంటలో మీరు మాట్లాడి ఉండొచ్చు. మాట్లాడారా?"

"మా ఆవిడతో..."

"ఆవిణ్ణి లోపలికెవరు రానిచ్చారు?" డాక్టరు కస్సుమన్నాడు.

"ఎవరూ రానివ్వలేదు సార్. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది."

పాలు పొంగిపోయినా, చొక్కా గుండీ ఊడినా ఆవిడకి చెప్పుకోవడం ఆయనకి అలవాటు. అది మాట్లాడటం కిందకి వస్తుందని పాపం ఆయనకి తట్టనేలేదు.

డాక్టరు తెర ఆపేశాడు. "మళ్ళీ తీద్దాం. ఈసారి ఆవిడతో కూడా వద్దు," అన్నాడు మెల్లగా.

వారం తర్వాత అదే గది, అదే కుర్చీ. చలేస్తోందే అనబోయి పళ్ళు బిగబట్టాడు. మాట పెదాల దాకా వచ్చినప్పుడల్లా మింగేశాడు. అరగంట గడిచేసరికి గదిలో తనొక్కడే ఉన్నాడని తెలిసొచ్చింది. ఆవిణ్ణి సాగనంపిన రోజున కూడా ఆయనకి ఇంత ఒంటరిగా అనిపించలేదు. కళ్ళు కారుతున్నా, కదలకూడదు కదా, తుడుచుకోలేదు.

"గొంతు శుభ్రంగా ఉంది. ఇంకెక్కడా ఏమీ లేదు. ఆపరేషను చేసేద్దాం," అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి తాళం తీశాడు. గుమ్మంలో నిలబడి "బతికానే" అనబోయాడు. లోపల ఎవరూ లేరు. చెప్పులు విడిచి, ఏమీ అనకుండా లోపలికి నడిచాడు.