నలభై అడుగులు

మా పెట్టె శిథిలాల్లోకి మైక్రోవేవ్ తరంగాలు పంపుతుంది. లోపల ఎవరి ఛాతీ వెంట్రుకవాసి కదిలినా తెర మీద గీత లేస్తుంది. ఆ ఛాతీ లోపలివాళ్లదా, బయటివాళ్లదా అన్నది మాత్రం దానికి తెలియదు. అందుకే ముందు అందర్నీ నలభై అడుగులు వెనక్కి తరమాలి. ఆ పని నాది. మా బృందంలో నన్ను 'ష్ మాస్టారు' అంటారు.

కూలిన కుట్టుపని షెడ్డు దగ్గర కూడా నోరు పారేసుకుని మరీ తరిమాను. లోపల ఇంకొక్క అమ్మాయి మిగిలింది. తెర మీద గీత లేచింది, నిమిషానికి పద్దెనిమిది సార్లు.

"ఊపిరుంది" అన్నాను. నా నోరు పడిపోను.

మావాళ్లు నాలుగు గంటలు చేతుల్తో ఇటుకలు తీశారు. గీత చూపించిన చోట ఎవరూ లేరు. అప్పుడు అవతలికి వెళ్లి చూశాను. ఒరిగిన గోడ వెనక ఆ అమ్మాయి నాన్న బోర్లా పడుకుని, శ్లాబుకి చెంప ఆనించి ఉన్నాడు. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడట. అరిస్తే చాలనుకున్నాను గానీ, చుట్టూ తిరిగి చూసిన పాపాన పోలేదు.

ఆ గీత ఆయనదేనని చెప్పాను. లేచి రమ్మంటే రాలేదు.

"నేను ఊపిరి బిగబడతాను బాబూ. ఇంకోసారి చూడండి."

పెట్టె పెట్టాను. ఆయన బిగబట్టాడు. గీత చాపలా పడుకుంది. ఆయన మొహం కందిపోతోంది.

"ఇక చాలు పెద్దాయనా, ఊపిరి తీసుకోండి."

వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ కదలికకి గీత ఒక్కసారి లేచి, మళ్లీ పడుకుంది.