వేడన్నం క్యారేజీ

రేడియేటర్ మళ్లీ ఢంగుమంది. బుజ్జిబాబు స్పానర్ తీసి, మొండి పశువును బాదినట్టు దాని నెత్తిన రెండేశాడు. తణుకు దగ్గరున్న ఈ ఉప్పుడు బియ్యం మిల్లులో పడుచువాడిగా చేరి, తల నెరిసేదాకా అతను నేర్చిన వైద్యం అదొక్కటే. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి రేడియేటర్‌లోని ఈ ఇనప గొట్టాలను వేడెక్కించి ధాన్యం ఆరబెడుతుంది. చల్లారి నీరయ్యాక చివరి కుళాయిలోంచి బయటికి పోవాలి. పోకపోతే ఆవిరి ఆ నీటిని ఎత్తి గొట్టానికేసి కొడుతుంది. ఈమాత్రం బాయిలర్ పక్కన పడుకునే పిల్లికి కూడా తెలుసు.

బుజ్జిబాబుకి బానపొట్ట, చెవి మీద బీడీ, మెడలో మసి తువ్వాలు. చూపులో మాత్రం మిల్లంతా తనదేనన్న దర్జా. ఆ దర్జాకి కారణం వింటే నవ్వొస్తుంది. భార్య నాగదుర్గ తెల్లారకముందే వండి కట్టిన అన్నాన్ని మధ్యాహ్నం వేడివేడిగా తినేది మిల్లులో అతనొక్కడే. గొట్టం కొస కింద ఒక చెక్కముక్క దూర్చి, కాస్త పైకెత్తి, ఆ సందులో క్యారేజీ దాచుకుంటాడు. పదిమందికీ పొగలు కనపడేలా కూర్చుని మూత తీస్తాడు. ఛీ, ఇదీ ఒక గొప్పేనా!

ఆ పొద్దున యజమాని నాగేశ్వరప్రసాద్ గారు తేల్చేశారు.

"సాయంత్రంలోగా ఆ మోత ఆగాలి. ఆగలేదో, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"ఆగుద్దండి. నేనున్నాను కదండి."

ఉన్నాడు, ఏం లాభం? కుళాయి తిప్పితే రెండు చుక్కలు రాలాయి. నిమ్మకాయ కట్టాడు. ఊక తడిసిందని పొయ్యి దగ్గరివాళ్లను తిట్టాడు. అన్నం తిని, మిగిలిన పప్పు సాయంత్రానికి వెచ్చగా ఉండాలని క్యారేజీ మళ్లీ అక్కడే పెట్టాడు. మోత ఆగలేదు.

సాయంత్రం యజమాని ఫిట్టర్ విజయ్ పాల్‌ను వెంటబెట్టుకొచ్చారు. అతను వంగి చూసి, క్యారేజీ పక్కన పెట్టి, చెక్క లాగేశాడు. గొట్టం కిందికి దిగింది. కుళాయిలోంచి వేడినీళ్లు బుసబుసా దూకాయి. మోత ఆగిపోయింది. మిల్లు అంత నిశ్శబ్దంగా అంతకుముందెప్పుడూ లేదు.

"నీళ్లన్నీ ఈ చెక్క వల్లే వెనకే నిలిచిపోయాయండి," అన్నాడు విజయ్ పాల్.

"ఎవరు పెట్టారిది?" అన్నారు యజమాని.

బుజ్జిబాబు వేలు చాచి చూపించాడు. "పాపాయి పెట్టుంటదండి, ఊడ్చేటప్పుడు."

సిగ్గులేని మనిషి! మొగుడు పోయి, ఆ చీపురు మీదే ఇల్లు నడుపుతున్న పాపాయి అక్కడే నిలబడి ఉంది. ఆమె క్యారేజీని కొంగుతో పట్టుకుని తెచ్చి యజమాని ముందు పెట్టింది.

"దీని మీద పేరుంది, చదవండి బాబుగారూ. నాకు చదువు రాదు."

ఆయన చదివారు. చదివి బుజ్జిబాబు వైపు తిరిగారు.

బుజ్జిబాబు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గేటు దాటాడు. ఎవరూ పిలవలేదు. అతనూ వెనక్కి చూడలేదు.

క్యారేజీ అక్కడే ఉండిపోయింది. లోపల పప్పు ఇంకా వెచ్చగానే ఉంది. పైన మసి పట్టిన స్టీలు మీద, పెళ్లినాడు ఎవరో చెక్కించి ఇచ్చిన పేర్లు: బుజ్జిబాబు, నాగదుర్గ.