నడుమనున్న తైలము

మధ్యాహ్నమంతయు గురిసి వెలసిన భాద్రపదవర్షమునకు విశాఖపట్టణమునందలి కొండవాలు వీథులు కడిగిన నల్లరాతి పలకలవలె మెఱయుచుండెను. పడమటి మేఘముల సందునుండి జారిన క్షీణారుణకాంతి మేడల కొనలపై నించుకసేపు నిలిచి తొలగిపోవుచుండెను. సముద్రమునుండి వీచు లవణార్ద్రపవనము దండెములపై మఱచిన చీరలను గోడల కంటించుచు కొండకొమ్మువఱకు బ్రాకి యచ్చటి సరుగుడుచెట్లలో జొచ్చి దీర్ఘముగ నిట్టూర్చుచుండెను. అట్టి సమయమున నడివాలునందలి యొక చిన్న యింటిముందు చదునుచేసిన వాకిట గణితోపాధ్యాయుడగు దక్షిణామూర్తి మాస్టారు ఇంజను తిరుగుచుండగనే కారు బానెట్టు పైకెత్తి లోపలినుండి సన్నని కొలతకడ్డిని వెలికిదీసి తెల్లని చేతిరుమాలుపై నొత్తి చూచెను. ఎఱ్ఱగ నుండవలసిన గేరుపెట్టె తైలము కషాయమువలె నల్లబడి మాడువాసన గొట్టుచుండెను.

ఆ రుమాలును ఆ కారును అతని భార్య హైమవతివి. ఆమె గడచిన మాఘమాసమున విషజ్వరముచే గన్నుమూసెను. శైశవముననే పోలియో సోకి యెడమకాలు సన్నబడుటచే క్లచ్చి తొక్కు పనిలేని యాటోమాటిక్ కారు నామె కోరి కొనుక్కొనెను. పసిబిడ్డ నుదుట చేయివైచి జ్వరము చూచు తల్లివలె ఆ గేరుపెట్టె తైలపు వన్నెను వాసనను తఱచు పరీక్షించుచుండెడిది. భర్తకు దాని మర్మము దెలుపుటకై యొకనాడు రెండు బల్లపంకాలను ఎదురెదురుగ నిలిపి యొకదానిని మాత్రమే నడిపించెను. ఆ గాలికి రెండవదియు మెల్లమెల్లగ దిరుగజొచ్చెను.

"చూశారా, ఒకటి రెండోదాన్ని తాకనే తాకదు. ఆ పెట్టెలోనూ ఇంతేనండీ. మధ్యనున్న నూనే అంతా చేస్తుంది. అది మాడిపోయిందా, ఇంజను ఎంత అరిచినా చక్రానికి వినబడదు" అని యామె నవ్వెను.

ఆ యింట మూడవ మనిషి హైమవతి తల్లి సీతారత్నమ్మ. వారి వంశమున అత్త యల్లునితో ముఖాముఖి పలుకుట మర్యాద గాదు. పెండ్లినాటినుండియు ఆ వృద్ధురాలు తాను చెప్పదలచినది కూతురితోనే చెప్పుచుండెడిది. అల్లుడు విస్తరిముందే కూర్చుండియున్నను "ఇంకాస్త పులుసు పొయ్యనా అడగవే" అనెడిది. అతడును "చాలునని చెప్పు" అని భార్యతోనే పలికెడివాడు. మీ యిద్దఱి నడుమ దిరిగి తిరిగి నా గొంతుక యరిగిపోవుచున్నదని హైమవతి పరిహాసమాడుచుండెడిది. ఆమె పోయిన వెనుక ఆ యింట మాటయే లేకపోయెను. వేళకు కంచము వచ్చుచుండెను. వేళకు కాఫీ గ్లాసు బల్లపై నుండుచుండెను. పెట్టిన చేయి మాత్రము తలుపు చాటుననే యుండిపోవుచుండెను.

సీతారత్నమ్మ మసకబాఱిన కంటికి నెలనెలయు కొండదిగువనున్న నేత్రవైద్యశాలలో సూది వేయించుకొనవలసియుండెను. ఆ పని యంతకుముందు కూతురు చూచుకొనుచుండగా ఇప్పుడు మాస్టారు దానికొఱకే మరల కారు నడుప మొదలిడెను. కాని యౌవనమున మేనమామగారి పాతకారుపై నేర్చిన యొక యలవాటు అతనిని విడువలేదు. ఎత్తుమీద నాగవలసివచ్చినపుడెల్ల బ్రేకు త్రొక్కక యాక్సిలేటరునే సగము త్రొక్కి బండిని గాలిలో దీపమువలె నిలువబెట్టుచుండెను. తైలము మాడుట కదియే కారణము.

మఱునాడు మెకానిక్కు పైడిరాజు వాకిటికే వచ్చి కడ్డిని వాసనచూచి తల పంకించెను. "ఏటి మాస్టారూ, పిల్లలు అల్లరి సేస్తే బెత్తం సూపిస్తారు గదా, దీనికి మాత్రం బ్రేకు సూపించరేటి?" అని వేళాకోళమాడి పిదప మృదువుగ నిట్లనెను. "ఆయిలంతా ఒక్కపాలి తీసీకూడదండి. లోపల పలకలు అరిగిపోనాయి. పాత ఆయిల్లో ఉన్న ఆ నలుసే వాటికింకా పట్టు. సగం తీద్దాం, సగం కొత్తది పోద్దాం. కొన్నాళ్లు తిరిగినాక మళ్లీ సగం. మెల్లిగా అలవాటవుతాది."

మాస్టారు అట్లే సగము తైలము మార్పించెను. కాని అతని మనస్సును వేఱొక వార్త దొలుచుచుండెను. అల్లునకు తనవలన శ్రమ గలుగుచున్నదనియు ఈ నెల సూది వేయించుకొని బొబ్బిలిలోని మఱదికొడుకు నింటికి బోయి యచ్చటనే యుండిపోదుననియు సీతారత్నమ్మ పొరుగింటి యిల్లాలిచే చెప్పించెను. హైమవతి తలదువ్వుకొనుచు ఏ కూనిరాగము దీసెడిదో ఎఱిగినవారు అతడు గాక లోకమున ఆ ముదుసలి యొక్కతెయే. పోవలదని చెప్పవలెనని యతడు పలుమాఱు తలుపుదాక వచ్చెను. ఆ మాటను లోపలికి గొనిపోవువారు లేక వెనుదిరిగెను.

సూది వేయించిననాడు తిరుగుదారిలో మరల చినుకులు మొదలయ్యెను. సీతారత్నమ్మ ఎప్పటివలెనే వెనుక కూర్చుండెను. ఒక కంటికి కట్టు కట్టబడియుండెను. ముందటి యాసనము శూన్యముగ నుండెను. ఇల్లు నాలుగు వాకిళ్ల దూరమున నుండగా గ్యాసుబండల వ్యాను వెనుకకు నడచుచు దారి కడ్డమాయెను. మాస్టారి పాదము పూర్వాభ్యాసమున యాక్సిలేటరుపైకే పోయెను. ఇంజను మూలిగెను. కారు ముందుకు బోక వెనుకకు జాఱక వణకుచు నిలిచెను. మాడువాసన క్రమముగ లోపల నిండెను.

అపుడు వెనుకనుండి యొక సన్నని కంఠము ముందటి శూన్యాసనము నుద్దేశించి పలికెను.

"హైమా, వారితో చెప్పవే. నిలబెట్టడానికి బ్రేకు తొక్కాలిట. దాన్నలా మాడ్చవద్దని చెప్పు."

పలికిన పిమ్మట గాని తానెవరిని పిలిచెనో ఆమెకు దెలియలేదు. కారు కప్పుపై చినుకులు రాలుచుండెను. చిరకాలము ఇట్టి మాట వెంటనే హైమవతి నోట వెడలుచుండిన నవ్వు కొఱకు ఇరువురును ఒక్కక్షణము నిరీక్షించిరి. అది రాలేదు.

మాస్టారు పాదము తీసి బ్రేకుపై నుంచెను. చేతిబ్రేకును పైకి లాగెను. బండి వణకు మానెను. అతడు తల త్రిప్పక యద్దమునందు గనబడు తెల్లని కట్టును మాత్రము చూచుచు "అలాగే అత్తయ్యగారూ" అనెను. ఆ పిలుపు అతని నోట వెడలుట అదియే ప్రథమము. పిదప "బొబ్బిలి వెళ్లకండి" అనెను.

వ్యాను తొలగెను. దారి తెఱపి యిచ్చెను. అయినను అతడు కారు కదల్పలేదు. వెనుక చీరచెఱగుతో కన్ను దుడుచుకొనిన సవ్వడి గలిగెను.

"ముందు ఆ గేరు కడ్డీ ఎల్‌లోకి లాగు నాయనా. హైమ ఈ ఎత్తు ఎప్పుడూ అలాగే ఎక్కించేది."

అతడు గేరుకడ్డిని మెల్లని నడక గుర్తగు ఎల్‌కు లాగి చేతిబ్రేకు దించెను. కారు తొందరపడక వృద్ధవృషభమువలె నొక్కొక్క యడుగే మోపి యెత్తు నెక్కెను. వాకిట సమతలమున దానిని నిలిపి యతడు కొలతకడ్డిని తీసి రుమాలుపై నొత్తి ఆమెకు చూపెను. ఆమె దానిని బాగైన కంటికి దగ్గఱగ నుంచుకొని చాలసేపు చూచెను. మచ్చ నల్లగనే యుండెను. అంచున మాత్రము పలుచని యెఱుపు దేఱియుండెను.

సీతారత్నమ్మ బొబ్బిలికి బోలేదు. తరువాతి నెలలందును ఆమె వెనుకనే కూర్చుండెను. ముందు కూర్చుండుమని యతడు అడుగలేదు, ఆమెయు కోరలేదు. పులుసును గూర్చియు వానను గూర్చియు వారు పలుకుకొనిన కొలది మాటలు ఆ శూన్యాసనము మీదుగనే మెల్లగ బోవుచు మెల్లగ వచ్చుచు నుండెను.