గుడ్డులో ముగ్గురు

గుడ్డులో ఒకరు ప్యాంటు తొడుక్కోవాలంటే రెండో మనిషి బయటికెళ్లి నిలబడాలి. వాన పడుతున్నా సరే, దోమలు పీక్కుతింటున్నా సరే. మానిటోబాలో జూన్ నెలలో ఈ రెండిట్లో ఒకటి తప్పకుండా ఉంటుంది. మామూలుగా రెండూ ఉంటాయి.

మర్లీన్ రెండో పెళ్లి చేసుకున్నాక వచ్చిన మొదటి వేసవిలో సగం ఇలా బయట నిలబడే గడిచింది. చేతిలో కాఫీ కప్పు, నెత్తిన హుడ్, ఎదురుగా సరస్సు. పక్క ట్రైలర్ల ముందు ఇంకో నలుగురైదుగురు కూడా అలాగే నిలబడి ఉండేవాళ్లు. ఒకరికొకరు తలూపుకునేవాళ్లు. లోపల ఎవరి మొగుడో ఎవరి పెళ్లామో ప్యాంటు వేసుకుంటున్నారని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

గుడ్డంటే ట్రైలరు. ఫైబర్‌గ్లాస్‌తో పై సగం, కింది సగం విడివిడిగా పోతపోసి, నడుము దగ్గర అతికించిన, లోపలే వండుకుని పడుకునే బుల్లి ట్రైలరు. తెల్లగా, గుండ్రంగా, బండి వెనకాల బుద్ధిగా వస్తుంది. యాభై ఏళ్లనాటి సరుకైనా తుప్పు పట్టదు, చెద పట్టదు. వాటిని కొనుక్కున్నవాళ్లకి మాత్రం పిచ్చి పడుతుంది. ఏటా జూన్‌లో ఏదో ఒక సరస్సు ఒడ్డున నలభై గుడ్లు ఒకచోట చేరతాయి. శనివారం మధ్యాహ్నం అందరూ తలుపులు బార్లా తెరిచిపెడతారు. ఎవరి గుడ్డులోకి ఎవరైనా వెళ్లి, సొరుగులు లాగి, పరుపులు నొక్కి, ఎవరేం మార్పులు చేశారో చూడొచ్చు. ఇంటికి పిలిస్తే బాత్రూము ఎక్కడని అడగడానికి కూడా మొహమాటపడే మనుషులు, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం పక్కవాడి గిన్నెల కింద గిన్నెలు కూడా లెక్కపెట్టేస్తారు.

మర్లీన్ మొగుడు ఎర్విన్ థీసెన్ పంటల బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. వడగళ్లు పడ్డ పొలాలకి వెళ్లి, ఎంత నష్టమో చూసి రావడం అతని ఉద్యోగం. రైతు పక్కనే నిలబడి ఉంటాడు కాబట్టి, ఎంత నష్టం చూసినా మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. ముప్పై ఏళ్లు అలా అలవాటైన మొహం పెళ్లిలో కూడా మారలేదు. ఫోటోలు చూసి మర్లీన్ చెల్లెలు, "మీ ఆయన పెళ్లికొచ్చాడా, పొలం చూడ్డానికొచ్చాడా?" అని అడిగింది.

ఆ గుడ్డు ఎర్విన్, అతని మొదటి భార్య ఎల్డా కలిసి కొనుక్కున్నది. ఎల్డా పోయి నాలుగేళ్లయింది. కర్టెన్లు ఆమె కుట్టినవే. దిళ్ల గలీబులు ఆమె కుట్టినవే. బయట వేలాడే చెక్క మీద "థీసెన్లు" అని కాల్చి రాసింది కూడా ఆమే. ఆ మాట ఏ భార్యకైనా సరిపోతుంది కాబట్టి ఎర్విన్ దాన్ని మార్చే పని పెట్టుకోలేదు.

మర్లీన్ డాఫిన్‌లో పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనులో పనిచేసిన మనిషి. నోరు తెరిచినవాళ్లని చూసీ చూసీ, నోరు మూసుకోవడం బాగా అలవాటైంది. మొదటి ఏడాది శనివారం మధ్యాహ్నం నలభై మంది ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు గుడ్డులోకొచ్చి, "ఎల్డా కప్పులు ఇక్కడ పెట్టేది", "ఎల్డా ఇక్కడ తువ్వాలు ఆరేసేది" అని చూపించి పోతే, ప్రతి ఒక్కరికీ నవ్వుతూ పుల్లటి రూబార్బ్ కాడల కేకు ముక్క పెట్టింది. కేకు ఎల్డా చేసే తీరు వేరని ఇద్దరు చెప్పారు.

ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది అల్మరా.

తలుపు పక్కనే, నేల నుంచి కప్పు దాకా, ఇరుగ్గా ఉండే బట్టల అల్మరా అది. బండి ఎక్కడ ఆగినా, మర్లీన్ కాళ్లు చాపుకుందామనో కాఫీ పెడదామనో గుడ్డులోకి రాగానే, దాని తలుపు 'టక్' మని తెరుచుకునేది. వెంటనే లవంగాల వాసన వచ్చేది. ఎల్డా ఉన్నప్పుడు చిమ్మెటలు పట్టకుండా లవంగాల మూట పెట్టేదట. ఆ మూటని మర్లీన్ ఎప్పుడో పారేసింది. వాసన మాత్రం వస్తూనే ఉంది. తలుపు తెరుచుకోగానే ఎర్విన్ అటు చూడకుండానే చెయ్యి చాపి మెల్లగా మూసేవాడు, నిద్రలో పక్కన పడుకున్నవాళ్ల దుప్పటి సర్దినట్టు. మర్లీన్‌ని ఇబ్బంది పెట్టింది తలుపు తెరుచుకోవడం కాదు. అతను మూసే తీరు.

ఆ చలికాలం, కాఫీ తాగుతూ అంది.

"ఎర్విన్, నాకు అరవై దాటాయి. వానలో గొడుగేసుకుని క్యాంపు బాత్రూముకి నడవలేను. గుడ్డులో టాయిలెట్ కావాలి."

"ఎక్కడ పెడదాం?"

"అల్మరా ఉన్నచోట."

ఎర్విన్ కాఫీ కప్పులోకి చూశాడు. వడగళ్లు పడ్డ గోధుమ పొలం వైపు చూసే చూపు అది. తర్వాత "సరే" అన్నాడు.

గ్యారేజీలో హీటరు వేసుకుని ఒక్కో రివిట్టూ డ్రిల్లుతో తీశాడు. అల్మరాని బయటికి తెచ్చి, పాత బొంత చుట్టి, గోడకి నిలబెట్టాడు. పారేద్దామని మర్లీన్ అనలేదు. పారేస్తానని అతనూ అనలేదు. అల్మరా ఉన్నచోట ముచ్చటైన చిన్న టాయిలెట్, దాని చుట్టూ చిన్న తెర వచ్చాయి. తెర మర్లీన్ కుట్టింది. కుట్టు వంకరపోయినా ఎవరూ ఎల్డా కుట్టుతో పోల్చకూడదని కోడిపిల్లల బొమ్మలున్న బట్ట ఎంచుకుంది.

జూన్ వచ్చింది. బయల్దేరారు. నీపావా దాటాక పెట్రోలు కోసం ఆగారు. మర్లీన్ కాఫీ ఫ్లాస్కు తేవడానికి గుడ్డులోకి వెళ్లింది. వెనకాలే ఎర్విన్ గుమ్మంలోకొచ్చాడు.

'టక్'.

మర్లీన్ తిరిగి చూసింది. టాయిలెట్ మూత మూసే ఉంది. తెర కదల్లేదు. లవంగాల వాసన మాత్రం గుమ్మంలోంచి లోపలికి, మర్యాదగా, ఎవరో పక్కకి తప్పుకుని దారిస్తే వచ్చినట్టు వచ్చింది.

ఎర్విన్ అటు చూడకుండానే చెయ్యి చాపాడు. లేని తలుపుని మెల్లగా మూశాడు.

తర్వాత తన చేతిని తనే చూసుకున్నాడు. మర్లీన్ కూడా ఆ చేతినే చూసింది.

"దోమ," అన్నాడు ఎర్విన్.

"ఔను, ఈ ఏడాది ఎక్కువగా ఉన్నాయి," అంది మర్లీన్.

ఆ పూట ప్రయాణంలో ఇద్దరూ దోమల గురించే మాట్లాడుకున్నారు. మధ్యలో ఇంకో రెండుసార్లు ఆగారు. రెండుసార్లూ మర్లీన్ కాఫీ వద్దంది.

సరస్సు చేరేసరికి వాన. రాత్రంతా పడి, శనివారం ఉదయానికి తెరిపిచ్చింది. మర్లీన్ బయటికి పోదామని తలుపు తోస్తే రాలేదు. భుజంతో తోస్తే వచ్చింది, మళ్లీ మూస్తే మూతపడలేదు. గుడ్డు తలుపు గుండ్రంగా ఉంటుంది. దాని గుమ్మం కూడా అదే గుండ్రంతో ఉంటే తప్ప రెండూ కలవవు. ఇప్పుడు పైన రెండు వేళ్లు పట్టేంత సందు. ఆ సందులోంచి నీళ్లు మర్లీన్ చెప్పుల్లోకి కారుతున్నాయి.

బయటికొచ్చి పైకి చూసింది. కప్పు మధ్యలో పళ్లెంలా లొత్త పడి ఉంది. అందులో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. రెండు పిచ్చుకలు స్నానం చేస్తున్నాయి.

పక్క గుడ్డు డాట్ ఐనార్సన్‌ది. గిమ్లీ నుంచి వస్తుంది. డ్రెస్సింగ్ గౌను మీదే వచ్చి, నడుం మీద చేతులేసుకుని కప్పుని చూసింది. తలుపులోంచి లోపలికి తొంగిచూసింది. కోడిపిల్లల తెర చూసింది. గొంతు తగ్గించింది.

"అల్మరా తీసేశారా?"

"తీసేశాం. టాయిలెట్ కోసం."

డాట్ మర్లీన్ మోచెయ్యి పట్టుకుంది. ఆస్పత్రి వరండాలో పట్టుకున్నట్టు.

"అది అల్మరా కాదమ్మా. గుంజ. ఈ గుడ్లలో కప్పుని మోసేది అదే. దాన్ని తీస్తే కప్పు కిందికొస్తుంది, తలుపు పనికిరాదు. గుడ్డు కొన్న మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెప్తారు."

"అందరికీ తెలుసా ఇది?"

"గుడ్డున్న ప్రతివాళ్లకీ తెలుసు. అసలు మాకందరికీ చెప్పింది ఎర్వినే."

కబురు క్యాంపంతా పాకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ శనివారం ఇంకెవరి గుడ్డూ ఎవరూ చూడలేదు. అందరూ థీసెన్ల గుడ్డు ముందుకొచ్చి, టోపీలు చేత్తో పట్టుకుని, కాసేపు నిలబడి, "చాలా మంచి గుడ్డు" అని మెల్లగా చెప్పి పోయారు. మధ్యాహ్నానికి గిన్నెతో సహా ఓవెన్లో పెట్టి వండిన క్యాసరోల్‌లు మూడు, సాస్కటూన్ పళ్లు కూరి కాల్చిన పై ఒకటి వచ్చాయి. ఆ ఊళ్లల్లో ఎవరైనా పోయినప్పుడే ఇంటికి క్యాసరోల్ తెస్తారు. గిన్నె అడుగున తెచ్చినవాళ్ల పేరు టేపు మీద రాసి అంటిస్తారు, ఖాళీ అయ్యాక తిరిగివ్వడానికి. మూడిటి మీదా పేర్లు చదివి, మూడూ ఎల్డా స్నేహితురాళ్లవేనని మర్లీన్ గ్రహించింది.

ఎర్విన్ ఆకాశం వైపు చూస్తున్నాడు. మేఘాలు పరీక్షిస్తున్నట్టు మొహం పెట్టాడు.

"నీకు తెలుసా?" అడిగింది మర్లీన్.

"ఏది?"

"కప్పు కూలుతుందని."

"కూలదు. కుంగుతుంది."

"ఎర్విన్."

"తెలుసు."

"మరి రివిట్లు తీస్తున్నప్పుడు చెప్పొచ్చుగా?"

ఎర్విన్ పిచ్చుకల వైపు చూశాడు. అవి ఇంకా స్నానం చేస్తూనే ఉన్నాయి.

"అల్మరా తీయొద్దంటే, ఎల్డా కోసం అంటున్నాననుకుంటావని."

మర్లీన్ కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ సీటు కూడా ఎల్డా కుట్టిందే. పెళ్లయిన ఏడాదిన్నరలో ఎర్విన్ నోట ఎల్డా పేరు వినడం అదే మొదటిసారి. ఆమె ఎదురుచూసింది ఆ పేరు వినకూడదనా, వినాలనా, ఇన్నాళ్లూ తనకే తెలియలేదు. ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషి ఎక్కడికీ పోదు. ఎవరూ పొమ్మనలేదు కదా, పోవడానికి.

"నాకోసం కప్పు కూల్చుకున్నావా?"

"కుంగుతుంది, అంతే," అన్నాడు ఎర్విన్.

డాట్ వాళ్లాయన పాత హాకీ కర్రొకటి తెచ్చి, కొలతకి కోసి, లోపల కప్పుకి దన్నుగా నిలబెట్టాడు. లొత్త పైకి లేచింది. నీళ్లు జలజలా కారాయి. పిచ్చుకలు పోయాయి. తలుపు మూతపడింది. ఇంటికెళ్లేదాకా గుడ్డు మధ్యలో ఆ హాకీ కర్ర ఉంది. మర్లీన్ దానికి మూడుసార్లు తల కొట్టుకుని, మూడుసార్లూ "సారీ" అంది. మాటమాటకీ సారీ చెప్పుకునే ఆ దేశంలో కర్రకి చెప్పడం కూడా వింత కాదు. కానీ మూడోసారి అన్నాక, తను చెప్పింది కర్రకి కాదని ఆమెకే అనిపించింది.

జూలైలో అల్మరా మళ్లీ లోపలికెళ్లింది. ఈసారి ఎర్విన్ డ్రిల్లు పట్టుకుంటే, మర్లీన్ రివిట్లు అందించింది. టాయిలెట్ గ్యారేజీ గోడ దగ్గరికి పోయింది, అదే బొంత చుట్టుకుని. అల్మరాలో ఎల్డా అల్లిక తొడుగులేసిన చెక్క హ్యాంగర్లు అలాగే ఉన్నాయి. మర్లీన్ వాటిని తీయలేదు. తన వానకోటు, రెండు చొక్కాలు, చర్చికేసుకునే బట్టలు కడ్డీ పొడుగునా పరిచి తగిలించింది. ఎర్విన్ చూస్తూ నిలబడ్డాడు.

"సరిపోయిందా?" అన్నాడు.

"సరిపోయింది. ఈ తలుపు ఎల్డా ఎలా మూసేది?"

ఎర్విన్ మొహం మొదటిసారి కదిలింది. "గట్టిగా. కాలితో తన్నేది," అన్నాడు. తర్వాత నవ్వు వచ్చి, గ్యారేజీ లోంచి బయటికెళ్లి, ఒక్కడే నవ్వుకుని, ముక్కు చీదుకుని లోపలికొచ్చాడు.

ఆగస్టులో సస్కచ్వాన్ వైపు బయల్దేరారు. ఆ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. బల్ల మీద స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. పొద్దున్న స్టీరింగ్ పట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికే తిప్పాలి. ధాన్యం గోదామొకటి కనపడితే, దాన్ని చేరడానికి రెండు పాటలు వినాలి.

భోజనానికి ఆగారు. మర్లీన్ గుడ్డులోకెళ్లి, స్టవ్ మీద కిల్‌బసా సాసేజి ముక్కలు వేసింది.

'టక్'.

తిరిగి చూసింది. అల్మరా తలుపు తెరుచుకుని ఉంది. తన వానకోటు, చొక్కాలు, చర్చి బట్టలు అన్నీ కడ్డీకి ఎడమ కొసన సర్ది ఉన్నాయి. మోటుగా తోసినట్టు లేదు. ముడత పడకుండా, ఒకదాని పక్కన ఒకటి, జాగ్రత్తగా జరిపినట్టుంది. కుడి సగం ఖాళీ. అక్కడ ఎల్డా హ్యాంగర్లు వరసగా ఉన్నాయి, కొక్కేలన్నీ ఒకే వైపు తిరిగి.

లవంగాల వాసన.

ఎర్విన్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"మలుపులో జరిగి ఉంటాయి," అన్నాడు.

మర్లీన్ కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. వెనక్కి చూస్తే పొద్దున బయల్దేరిన ఊరి దాకా, ముందుకు చూస్తే ఆకాశం దాకా, తిన్నగా ఉంది.

"ఔను," అంది. "మలుపులో."

తర్వాత అల్మరా వైపు తిరిగి, "నాకు సగం చాలు," అంది. కాలితో తన్ని తలుపు మూసింది. అది మూసే ఉంది, ఆ పూటంతా. ఎర్విన్ చెయ్యి చాపలేదు.

అప్పట్నుంచి ముగ్గురికీ బాగానే సర్దుబాటైంది. కప్పు నిలబడింది, తలుపు మూతపడుతోంది, ఎల్డా పేరు రోజుకోసారైనా ఎవరో ఒకరు పలుకుతున్నారు. ఎక్కడైనా క్యాంపులో ఎల్డా స్నేహితురాళ్లొచ్చి "ఎల్డా కప్పులు ఇక్కడ పెట్టేది" అంటే, "తెలుసు, ఇప్పుడూ అక్కడే పెడుతుంది" అంటోంది మర్లీన్. వాళ్లు కేకు వద్దని త్వరగా వెళ్లిపోతున్నారు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. అది తెగకే ఈ కథ మీ దాకా వచ్చింది. గుడ్డులో ఒకరు ప్యాంటు తొడుక్కోవాలంటే రెండోవాళ్లు బయటికెళ్లాలని మొదట్లోనే చెప్పుకున్నాం. మర్లీన్ బట్టలు మార్చుకునేటప్పుడు ఎర్విన్ బుద్ధిగా బయటికెళ్లి దోమల మధ్య నిలబడుతున్నాడు. ఆమె గొళ్లెం పెట్టి, ప్యాంటు చేతిలోకి తీసుకుని, ఒక కాలు ఎత్తగానే వెనకనుంచి 'టక్'. ఇంత ఇరుకు ఇంట్లో సగం చోటుతో సరిపెట్టుకుని, కప్పు కూడా మోస్తున్న మనిషిని, మనసు నొచ్చుకోకుండా, కాసేపు బయట నిలబడమని ఎలా చెప్పాలి? మీ ఇళ్లల్లో ఇలాంటిది ఎవరికైనా జరిగిందా? ఏం మాట వాడారు? దయచేసి ఎవరైనా చెప్పండి. జూన్ దగ్గరికొస్తోంది, మర్లీన్ ఇప్పటికే రెండు ట్రిప్పులు పైజామాల్లోనే చేసింది.